మా చెల్లెలికి టమోటా పెట్టొచ్చా?

ఉత్తరం:

డాక్టరమ్మగారికి నమస్కారం. మాది పాకాల దగ్గర ఒక పల్లె. నాయన లేడు. అమ్మ, అవ్వ, నేను, చెల్లెలు. చెల్లెలికి 22 ఏళ్ళు. తిరుపతిలో హాస్టల్లో ఉండి బీఈడీ చదువుతోంది. ఫిబ్రవరిలో, మూడు రాత్రులుగా నిద్రపోవడం లేదని ఫ్రెండ్స్ ఫోన్ చేశారు. వెళ్ళి చూస్తే సాంబారులో ఎవరో ఏదో కలిపారంటుంది, ఉన్నట్టుండి నవ్వుతుంది, నన్నే ఎవరు నువ్వంటుంది. పరీక్షల టెన్షన్ అనుకుని ఇంటికి తీసుకొచ్చాం. అవ్వ తాయెత్తు కట్టించింది, అంత్రం వేయించింది. అట్లా తొమ్మిది రోజులు పోయాయి. తర్వాత మూతి ఒక పక్కకి లాగడం, నోట్లో ఏమీ లేకుండానే దవడ ఆడించడం, ఆ వెనకే ఫిట్స్. దగ్గర్లోని ఒక నర్సింగ్ హోమ్‌లో మెంటల్ కేసని ఇంజక్షన్ వేస్తే కట్టెలా బిగుసుకుపోయింది. చివరికి ఒక పెద్దాసుపత్రిలో వెన్నులోంచి నీళ్ళు తీసి పరీక్షకి పంపి, 'యాంటీ ఎన్‌ఎండీఏ రిసెప్టర్ ఎన్‌సెఫలైటిస్' అన్నారు, అదొక రకం మెదడువాపట. స్కానింగ్‌లో కుడివైపు అండాశయంలో గడ్డ కనపడితే ఆపరేషన్ చేసి, గడ్డతోబాటు ఆ అండాశయమూ తీసేశారు. 47 రోజులు ఆసుపత్రిలోనే ఉన్నాం.

ఇంటికొచ్చి నాలుగు నెలలైంది. మాట్లాడుతోంది, తన పనులు తాను చేసుకుంటోంది. కానీ అన్నీ నిదానం. ఆసుపత్రి సంగతే గుర్తులేదు. ఈ జబ్బు గ్లుటమేట్ రిసెప్టర్లకి సంబంధించిందని ఫోన్‌లో చదివాను. టమోటాలో, అజినొమోటోలో, పుట్టగొడుగుల్లో గ్లుటమేట్ ఉందట. అన్నీ మానిపించాను. టమోటా ఊరిబిండి లేకుంటే ముద్ద దిగని పిల్ల, రోజూ అడుగుతోంది. పెట్టొచ్చా? తెలిసిన మెడికల్ షాపతను, మెమాంటిన్ అనే బిళ్ళ జ్ఞాపకశక్తికి మంచిది, అది కూడా గ్లుటమేట్ మీదే పనిచేస్తుంది, వాడి చూడమన్నాడు. వాడొచ్చా? చిత్తూరు సంబంధం ఒకటి వచ్చింది. వాళ్ళకి ఈ విషయం చెప్పాలా, దాచాలా? ఇంకొకటి. గడ్డలో వెంట్రుకలు, పళ్ళు ఉన్నాయని డాక్టర్ చూపించినప్పటి నుంచి అవ్వది ఒకటే మాట: "కడుపులో ఎంటికలు, పండ్లు ఎట్లొస్తాయిరా, చేతబడి గాక?" ఆమెకి ఏం చెప్పాలో తెలీడం లేదు.

ఇట్లు, ఒక అన్న

సమాధానం:

బాబూ, ముందు ఊరిబిండి సంగతి. ఈ పూటే నూరించి పెట్టండి. నాలుగు టమోటాలు, పచ్చిమిరపకాయలు, కాసిన్ని వేయించిన చెనక్కాయలు. అంత జబ్బుపడి లేచిన పిల్లకి సంగటిలోకి అది కూడా లేకపోతే ఎట్లా?

మీరు చదివింది పూర్తిగా అబద్ధం కాదు, చిక్కంతా అక్కడే ఉంది. టమోటాలో గ్లుటమేట్ ఉన్నమాట నిజం. కాయలో కంటే పండులో ఎక్కువ. తల్లిపాలలోనూ ఉంది. 1908లో జపాన్‌లో కికునే ఇకెడా అనే శాస్త్రవేత్త, సముద్రపు నాచు వేసి కాచిన చారుకి ఆ రుచి ఎక్కడినుంచి వస్తోందా అని వెతికి పట్టుకున్నది దీన్నే. మరుసటేడు అదే అజినొమోటో పేరుతో అంగళ్ళకెక్కింది. మెదడులో కణానికీ కణానికీ మధ్య కబుర్లు మోసేదీ అదే గ్లుటమేట్. అయితే మనం తిన్నది అక్కడిదాకా పోదు. చాలామటుకు పేగు గోడల్లోని కణాలే తమ ఇంధనానికి వాడేసుకుంటాయి. రక్తంలోకి చేరిన కాస్తనీ మెదడు రక్తనాళాల గోడలు లోపలికి రానివ్వవు. మెదడు తనకి కావలసింది తానే తయారుచేసుకుంటుంది, వాడిందాన్ని మళ్ళీ తానే ఎత్తి దాచుకుంటుంది. టమోటా మానేస్తే అక్కడ ఒక్క చుక్క కూడా తగ్గదు.

భయానికి మూలం కూడా చెబుతాను. 1969లో జాన్ ఓల్నీ అనే అమెరికా డాక్టర్, అప్పుడే పుట్టిన ఎలుక పిల్లలకి పెద్ద మోతాదులో గ్లుటమేట్‌ని చర్మం కింద ఎక్కిస్తే మెదడులో కొన్ని కణాలు చచ్చిపోయాయని చూపించాడు. చాలా విలువైన పరిశోధన అది. దాన్ని పట్టుకొచ్చి మీ ఇంటి రోటి దగ్గర పెట్టడమే తప్పు. (అజినొమోటో దండిగా వేసిన బండి ఫ్రైడ్ రైస్ రోజూ తినమని నేననడం లేదు. స్టెరాయిడ్ బిళ్ళలు మింగుతుంటే ఆ ఉప్పూ నూనే మంచివి కావు. కారణం వేరు, అంతే.)

ఇక రిసెప్టర్ అంటే ఏమిటో తెలిస్తే మిగతా ప్రశ్నలు సులువవుతాయి.

మీ ఊళ్ళో చెరువు ఉండే ఉంటుంది. దానికొక తూము. తూము తీస్తే పొలానికి నీళ్ళు. మెదడులో ఒక్కో నరకణాన్నీ ఒక పొలం అనుకోండి. దాని గట్టు పొడుగునా వేల తూములు. అవే రిసెప్టర్లు. గ్లుటమేట్ ఆ తూము తీసే మనిషి. పక్క కణం నుంచి వస్తాడు, తీస్తాడు, వెంటనే తప్పుకుంటాడు. లోపలికి పారేది నీళ్ళు కాదు. సోడియం, కాల్షియం లాంటి అయాన్లు.

తూముల్లో రకాలున్నాయి. ఆంపా అనే రకం పెద్ద పేచీ పెట్టదు. గ్లుటమేట్ తగలగానే తెరుచుకుంటుంది, అంతే వేగంగా మూసుకుంటుంది. మీ చెల్లెలి రిపోర్టులో ఉన్న ఎన్‌ఎండీఏ రకం అట్లా కాదు. దాన్ని తీయడానికి ఇద్దరు మనుషులు కావాలి. ఒకరు గ్లుటమేట్, రెండోవాడు గ్లైసిన్, లేదంటే డీ-సెరిన్. ఇవీ మెదడులో ఉండే పదార్థాలే. ఇద్దరూ వచ్చి చెయ్యి వేసినా నీళ్ళు పారవు. తూము నోట్లో మెగ్నీషియం అనే రాయి అడ్డంగా ఉంటుంది. పక్కనున్న ఆంపా తూముల నుంచి నీళ్ళు పారి పొలం ముందే కొంత తడిసి ఉంటేనే ఆ రాయి పక్కకి జరుగుతుంది. ఇవన్నీ ఒక్క క్షణంలో కలిసొస్తే అప్పుడు కాల్షియం లోపలికి దూకుతుంది. 'ఇది గుర్తుపెట్టుకో' అని కణానికి అందే కబురు అదే. ఇన్ని షరతులు ఎందుకంటే, కంటపడిన ప్రతిదాన్నీ రాసుకుంటూ పోతే మెదడు పనికిరాకుండా పోతుంది.

1986లో రిచర్డ్ మోరిస్, ఆయన తోటివాళ్ళు ఎలుకల మెదడులో ఈ ఎన్‌ఎండీఏ తూములని ఒక మందుతో మూసేసి, నీళ్ళ తొట్టిలో వదిలారు. తొట్టిలో నీటిమట్టం కింద ఎక్కడో నిలబడడానికి ఒక దిమ్మె ఉంది. మామూలు ఎలుకలు రెండు మూడు రోజుల్లో తిన్నగా దాని మీదికే పోవడం నేర్చుకున్నాయి. మందు ఇచ్చినవి ఈదాయి, కానీ దిమ్మె చోటు మాత్రం సరిగా నేర్చుకోలేకపోయాయి.

ఇది ఎందుకు చెప్పానంటే, ఆసుపత్రి సంగతి గుర్తులేదని రాశారు కదా. మీ చెల్లెలు దాన్ని మరిచిపోలేదు బాబూ. ఆమె మెదడు దాన్ని రాసుకోనేలేదు. రాసుకునే తూములే ఆ రోజుల్లో పనిచేయలేదు. కాబట్టి చూడొచ్చిన వాళ్ళందరి ముందూ "నన్ను గుర్తుపట్టలేదే నువ్వు", "నర్సుని కొరికినావే, గుర్తుందా" అని పరీక్షలు పెట్టనివ్వకండి. ఆ 47 రోజులూ తిరిగి రావు, రావలసిన అవసరమూ లేదు. ఆమే అడిగితే మాత్రం ఉన్నదున్నట్టు చెప్పండి, ఒక నోటుపుస్తకంలో తేదీలతో రాసి ఇచ్చినా మంచిదే. తన జీవితంలో నెలన్నర ఏమైపోయిందో తెలియకపోవడం మామూలు బాధ కాదు.

ఇప్పుడు అవ్వ. ఆమెని చిన్నచూపు చూడకండి. మీ ఇంట్లో అసలైన ప్రశ్న అడిగింది ఆమే. కడుపులో వెంట్రుకలు, పళ్ళు ఎట్లా వస్తాయి?

ఆడపిల్ల అండాశయంలో ఉండే అండకణాలకి ఒక శక్తి ఉంది. చర్మం, వెంట్రుక, పన్ను, ఎముక, నరం, ఏదైనా తయారుచేయగల సత్తువ వాటిది. బిడ్డ అంతా వాటి నుంచే కదా రావాలి. అరుదుగా ఒక అండకణం, కాపురంతో సంబంధం లేకుండానే, తనంతట తాను పెరగడం మొదలుపెడుతుంది. అడ్డదిడ్డంగా ఇంత జుట్టు, రెండు పళ్ళు, కొంచెం కొవ్వు, కలగాపులగంగా ఒక గడ్డ. దాన్ని టెరటోమా అంటారు. ప్రపంచమంతటా ఆడవాళ్ళలో కనపడేదే, ఎక్కువ భాగం క్యాన్సర్ కాదు. పెళ్ళికాని పిల్లలోనూ వస్తుంది, అందులో తప్పుగా అనుకోవాల్సింది ఏమీ లేదు. ఈ ముక్క అవ్వకి మాత్రమే కాదు, ఇరుగుపొరుగు వాళ్ళకీ వినపడేట్టు చెప్పండి.

మీ చెల్లెలి గడ్డలో డాక్టర్ చూపించిన వెంట్రుకలు, పళ్ళతో బాటు కంటికి కనపడనిది ఇంకొకటి ఉండి ఉంటుంది. నరాల కణజాలం. దాని మీద కూడా ఎన్‌ఎండీఏ తూములు ఉంటాయి. మెదడులో ఉండాల్సింది పొత్తికడుపులో కనపడేసరికి శరీరంలోని కాపలా వ్యవస్థ దాన్ని పరాయిదనుకుని, పట్టుకోవడానికి యాంటీబాడీలనే ప్రోటీన్లు తయారుచేస్తుంది. అవి గడ్డతో ఆగవు. మెదడుకి పోయి అక్కడి అసలు తూములనీ పట్టుకుంటాయి. పట్టుకున్న తూముని కణం గట్టు మీద ఉంచుకోదు, లోపలికి లాగేసుకుంటుంది. రోజురోజుకీ గట్టు మీద తూములు తగ్గిపోతాయి. పొలం చావలేదు, తూములే మాయమయ్యాయి. మీరు గట్టిగా పట్టుకోవాల్సిన మాట ఇది. ప్రయోగశాలలో యాంటీబాడీని తీసేస్తే కొన్ని రోజుల్లోనే తూములు మళ్ళీ గట్టు మీదికి వచ్చాయి. మనిషిలో అంత తొందరగా కాదు, నెలలు పడుతుంది, కానీ జరిగేది అదే.

గడ్డ తీసేయడం, స్టెరాయిడ్లు, ఐవీఐజీ సీసాలు (దాతల రక్తం నుంచి తీసిన మంచి యాంటీబాడీలు), ప్లాస్మా మార్పిడి (రక్తంలోని ద్రవభాగం మార్చడం), అవసరమైతే రిటుక్సిమాబ్ (యాంటీబాడీలు పుట్టించే వరసలోని కణాలని తగ్గించే మందు), ఇవన్నీ ఆ యాంటీబాడీల పని పట్టే దారులే. గడ్డ అందరిలోనూ ఉండదు. ఈ జబ్బు మగవాళ్ళకీ చిన్నపిల్లలకీ కూడా వస్తుంది. హెర్పిస్ వైరస్ మెదడువాపు తగ్గిన తర్వాత కొందరిలో వస్తుంది.

మరి సాంబారులో ఏదో కలిపారనడం? అన్నని ఎవరు నువ్వనడం? కెటమిన్ అనే మత్తుమందు ఉంది. అది ఇదే ఎన్‌ఎండీఏ తూముని మూస్తుంది. ఆ మత్తు దిగేటప్పుడు కొందరు గాల్లో తేలుతున్నామంటారు, గోడల మీద ఏవో కనపడుతున్నాయంటారు, పక్కనున్నవాళ్ళని గుర్తుపట్టరు. కొద్ది గంటల్లో మామూలైపోతారు. మీ చెల్లెలికి అదే తూము వారాల తరబడి మూతపడింది. ఆమె మీద ఎవరూ రాలేదు, ఎవరూ పోలేదు.

నా సంగతి ఒకటి చెప్పాలి. 1980ల చివర్లో నేను జూనియర్ డాక్టర్‌ని. మా వార్డుకి ఇట్లాంటి పిల్లే వచ్చింది. తమలపాకులు వేసుకున్నట్టు దవడ ఆడుతూనే ఉండేది, నోట్లో ఏమీ లేదు. చేతివేళ్ళు గాల్లో పూలు కట్టేవి. అవును, పూలు కట్టినట్టే, ముడి వేయడం, లాగడం. ఆమె తల్లి నా కాళ్ళకి అడ్డంపడి ఏం జబ్బమ్మా అంటే నా దగ్గర పేరు లేదు. కేసుషీట్లో 'వైరల్ ఎన్‌సెఫలైటిస్?' అని ప్రశ్నార్థకం పెట్టి రాశాను. మూడో వారంలో చనిపోయింది. 2007లో జోసెప్ డాల్మౌ, ఆయన బృందం, గడ్డలున్న 12 మంది ఆడవాళ్ళలో ఎన్‌ఎండీఏ రిసెప్టర్‌కి వ్యతిరేకంగా యాంటీబాడీలు ఉన్నాయని ప్రకటించారు. ఆ వ్యాసంలో రోగుల వర్ణన చదువుతుంటే నాకు ఆ వేళ్ళే కనపడ్డాయి. ఆమెది అదే జబ్బని ఇప్పుడు ఎవరూ తేల్చలేరు. పొత్తికడుపు స్కాన్ చేయాలన్న ఆలోచన మాత్రం మాకెవరికీ రాలేదు.

అందుకే ఆ తొమ్మిది రోజుల గురించి మిమ్మల్ని గానీ అవ్వని గానీ నేను తిట్టను. డాక్టర్లే దారితప్పే జబ్బు ఇది. అవ్వకి గంగమ్మ మొక్కు ఏదైనా ఉంటే జాతరకి తీర్చుకోనివ్వండి, ఆ మొక్కు వల్ల బిళ్ళకి వచ్చే నష్టం లేదు. అంత్రం వేసే మనిషిని మాత్రం మళ్ళీ గడప తొక్కనివ్వొద్దు. వేపమండలతో కొట్టడం, పొగ పెట్టడం, పస్తు పెట్టడం, ఫిట్స్ వచ్చిన పిల్లకి ఇవన్నీ ప్రమాదం.

నర్సింగ్ హోమ్‌లో ఇంజక్షన్‌కి బిగుసుకుపోవడం కూడా ఈ జబ్బులో తెలిసిన సంగతే. మానసిక రోగాలకి ఇచ్చే కొన్ని మందులు వీళ్ళకి పడవు. ఆ ఇంజక్షన్ పేరు కనుక్కుని ఫైల్లో రాసి పెట్టండి. ఇంకొక మాట. 'మాది మెంటల్ కేసు కాదు' అని చాటుకోవాల్సిన పని లేదు. ఈ జబ్బు మొదట్లో అచ్చం మానసిక జబ్బులాగే ఉంటుంది, దాన్ని మానసిక వైద్యులే మొదట చూస్తారు, వాళ్ళలో చురుకైనవాళ్ళే చాలాసార్లు మొదట అనుమానపడి పంపుతారు. ఒకవేళ అది మానసిక జబ్బే అయినా తలవంచుకోవాల్సింది ఏముంది?

ఇప్పుడు మెమాంటిన్. వద్దు. ఖచ్చితంగా వద్దు.

మెడికల్ షాపతను మంచి మనసుతోనే చెప్పి ఉంటాడు. మెమాంటిన్ నిజంగానే గ్లుటమేట్ రిసెప్టర్ మీద పనిచేసే మందు, అల్జీమర్స్ ముదిరిన పెద్దవాళ్ళకి ఇస్తారు, 2002లో ఐరోపాలో, 2003లో అమెరికాలో అనుమతి వచ్చింది. కానీ అది చేసే పని ఏమిటి? ఎన్‌ఎండీఏ తూము నోట్లో, మెగ్నీషియం రాయిలాగే, వదులుగా కూర్చుంటుంది. అల్జీమర్స్‌లో గ్లుటమేట్ ఎప్పుడూ సన్నగా కారుతూ ఉండి కణాలని అలసిపోయేట్టు చేస్తుందన్న ఆలోచనతో, ఆ కారడాన్ని ఆపడానికి. మీ చెల్లెలికి కథ తిరగబడింది. తూములే తక్కువై, ఇప్పుడిప్పుడే ఒకటొకటి గట్టు మీదికి వస్తున్నాయి. వాటి నోట్లో మనమే రాయి పెడదామా? 'జ్ఞాపకశక్తి బిళ్ళ' అన్న ఒక్క పేరు చూసి ముసలివాళ్ళ మందు పడుచుపిల్లకి వేస్తే ఇట్లా ఉంటుంది. ఆమె నరాల డాక్టర్ రాసిందే వేయండి, అందులోనూ స్టెరాయిడ్‌ని బాగుంది కదా అని ఒక్కసారిగా ఆపకండి. డాక్టర్ చెప్పిన లెక్కన మెల్లగా తగ్గించాలి.

ఈ తూముల లెక్క ఒక్కో జబ్బులో ఒక్కో తీరుగా తప్పుతుంది. 2021 నవంబరు వానలకి తిరుపతి దగ్గర రాయలచెరువు కట్టలోంచి నీళ్ళు ఊరుతున్నాయని దిగువ పల్లెలని ఖాళీ చేయించారు, మీకు గుర్తుండే ఉంటుంది. ఏడాదంతా ఎదురుచూసిన నీళ్ళే ఆ రోజు ప్రాణభయం. పక్షవాతంలో జరిగేది అదే. రక్తం ఆగిన చోట కణాలు గ్లుటమేట్‌ని పట్టి ఉంచలేక వదిలేస్తాయి, తూములన్నీ తెరుచుకుంటాయి, కాల్షియం వరదలో కణాలు చచ్చిపోతాయి. వరద ఆపుదామని ఎన్‌ఎండీఏ తూములు మూసే మందులెన్నో మనుషుల మీద పరీక్షించారు, ఏవీ నిలబడలేదు. అందుకే పక్షవాతంలో ఇప్పటికీ కాలమే మందు. గడ్డకట్టిన రక్తాన్ని కరిగించే ఇంజక్షన్‌కి నాలుగున్నర గంటల్లోపు చేరాలి. ఫిట్స్‌కి వాడే పెరాంపనెల్ ఆంపా తూముని మూస్తుంది. కండరాలు క్షీణించే ఏఎల్‌ఎస్‌లో రిలుజోల్ గ్లుటమేట్ విడుదలని తగ్గిస్తుంది. మీ ఇంటికి ఇవేవీ అక్కర్లేదు. 'గ్లుటమేట్ రిసెప్టర్ జబ్బు' అని ఫోన్‌లో వెతికితే ఇవన్నీ ఒకే కుప్పగా వచ్చి పడతాయి, ఒకదాని మందు ఇంకొకదానికి విషం కావచ్చు. అందుకని చెప్పాను.

తిండికీ ఈ తూములకీ ఏ సంబంధమూ లేదని కూడా అనలేను. కరువుకాలంలో ఉత్తరాదిన, ముఖ్యంగా మధ్యప్రదేశ్ వైపు, కేసరి పప్పు తప్ప ఏమీ దొరక్క నెలల తరబడి అదే తిన్న కూలీలకి కాళ్ళు బిగుసుకుపోయేవి. గ్లుటమేట్‌ని పోలిన పదార్థం ఒకటి ఆ పప్పులో ఉంది, దాని పేరు ఓడాప్. ఆంపా తూములని తెరిచిపెట్టి నరాలని దెబ్బతీస్తుంది. దాన్ని 1964లో గుర్తించినవాళ్ళలో మన దేశపు శాస్త్రవేత్తలే ముందున్నారు. 1987లో కెనడాలో ఒకరకం ఆల్చిప్పలు తిని వందమందికి పైగా జబ్బుపడ్డారు, కొందరికి జ్ఞాపకశక్తి దెబ్బతింది. అక్కడ విషం డొమోయిక్ ఆమ్లం, అది కైనేట్ అనే ఇంకొక రకం గ్లుటమేట్ తూముని పట్టుకుంటుంది. టమోటాకి ఆ జాబితాలో చోటు లేదు.

ఇంట్లో మీరు చూసుకోవాల్సింది వేరే ఉంది. ఈ జబ్బు కొందరికి తిరగబెడుతుంది. 577 మందిని గమనించి 2013లో ప్రచురించిన పెద్ద అధ్యయనంలో, రెండేళ్ళలోపు నూటికి 12 మందికి తిరగబెట్టింది. అదే అధ్యయనంలో రెండేళ్ళ నాటికి నూటికి 81 మంది చక్కగా కోలుకున్నారు, ఏడాదిన్నర దాకా మెరుగవుతూనే ఉన్నారు. మీది నాలుగో నెల. నిదానం అంటున్నారు, ఉంటుంది. మాట, నడక ముందు వస్తాయి. ఒక పనిని వరుసగా ఆలోచించి చేయడం, నలుగురిలో మసలుకోవడం ఆఖర్న వస్తాయి. టీ పెట్టమంటే పాలు పొయ్యి మీద పెట్టి మరిచిపోవచ్చు. కోపగించుకోకుండా పక్కన నిలబడండి.

తిరగబెడితే మొదట పోయేది చాలాసార్లు నిద్రే. రెండు రాత్రులు వరసగా నిద్ర లేకపోయినా, ఉన్నట్టుండి అనుమానాలు మొదలైనా, మాట తగ్గిపోయినా, మూతి లాగినా, ఫిట్స్ వచ్చినా అదే రోజు వైద్యం చేసిన ఆసుపత్రికి తీసుకెళ్ళండి. తాయెత్తు మెడలో ఉన్నా పర్వాలేదు, బస్సు మాత్రం ఎక్కించండి. డిశ్చార్జి సమ్మరీ, వెన్నునీటి రిపోర్టు, గడ్డ బయాప్సీ రిపోర్టు, మూడూ జిరాక్సు తీసి ఒక సెట్టు ఇంట్లో, ఒక సెట్టు మీ ఫోన్‌లో పెట్టుకోండి. రెండో అండాశయానికి డాక్టర్ చెప్పినన్నాళ్ళు స్కాన్ మానకండి. రిటుక్సిమాబ్ ఇచ్చి ఉంటే మామూలు జ్వరాన్ని కూడా తేలిగ్గా తీసుకోవద్దు. ఎప్పుడైనా పన్ను పీకించినా, ఆపరేషన్ అయినా, మత్తు డాక్టర్‌కి ఈ జబ్బు పేరు ముందే చెప్పాలి. కెటమిన్ గురించి పైన రాశాను కదా, అందుకు.

చివరగా చిత్తూరు సంబంధం. చెప్పండి. ధర్మం మాట అటుంచి, పనికొచ్చే కారణాలే చెబుతాను. రేపు తిరగబెడితే మొదటి రాత్రి నిద్రపోకపోవడం చూసేది మీరు కాదు, పక్కన పడుకునే మనిషి. అతనికి తెలియకపోతే ఈసారి తొమ్మిది రోజులు కాదు, తొంభై రోజులు పోతాయి. ఆమె వాడుతున్న మందుల్లో గర్భానికి పడనివి ఉండొచ్చు. ఫిట్స్‌కి ఇచ్చే వాల్‌ప్రోయేట్ అట్లాంటిదే. పిల్లల కోసం అనుకున్నప్పుడు ముందుగా డాక్టర్‌తో మాట్లాడి మార్చుకోవాలి. దొంగచాటుగా బిళ్ళలు మింగుతూ ఆ మాట ఎవరితో చెబుతుంది? పిల్లలు పుడతారా అని వాళ్ళు అడుగుతారు. ఒక అండాశయం బాగుంటే గర్భం రావడానికి అది చాలు. ఈ జబ్బు తగ్గాక తల్లులైనవాళ్ళు ఉన్నారు. తల్లి నుంచి బిడ్డకి ఆస్తిలా వచ్చే జబ్బు కాదు. వాళ్ళకి అనుమానం ఉంటే పెళ్ళికొడుకునే వెంటబెట్టుకుని డాక్టర్ దగ్గరికి వెళ్ళండి. అంతా విని వద్దంటే వద్దన్నారు. పెళ్ళయ్యాక తెలిసి పుట్టింటికి పంపడం కంటే అది మేలు.

అయితే బాబూ, ఇంత పొడుగు ఉత్తరంలో మీ చెల్లెలు ఏమంటోందో ఒక్కచోటే రాశారు, అదీ ఊరిబిండి గురించి. ఈ చిత్తూరు సంబంధం ఇప్పుడు ఆమెకి కావాలా, ముందు బీఈడీ పూర్తిచేస్తానంటుందా? అడిగి మళ్ళీ రాయండి.